జింక కోసం కంచె పీకే వేటగాళ్లు

(డెన్వర్‌లో తెలుగువాళ్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. చివర అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. అమెరికాలో వేటగాళ్లు అడవి జంతువుల్ని ఎలా కాపాడుతున్నారన్న ఇవాళ్టి విషయం గ్రూపులో పెట్టిన రోజే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టుందయ్యా నీ వ్యవహారం. చంపేవాడు కాపాడ్డమేమిటి?" అన్నారు. [నవ్వులు] ఆయన ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను. బాబాయ్ గారూ, మీరన్నది తప్పని నేను అనను. కాకపోతే మంద మొత్తం పోతే కసాయివాడికీ కూడు ఉండదు. ఆ సంగతి అర్థమైన కసాయివాళ్లు ఈ దేశంలో నూరేళ్లకు పైగా ఏం చేస్తున్నారో చెబుదామని వచ్చాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను వేటాడను. ఇంట్లో తుపాకి లేదు, కొనే ఉద్దేశం కూడా లేదు. చేపలు మాత్రం పడతాను. కోనసీమలో కాలవగట్టు మీద వానపాము గుచ్చి గాలం వేస్తూ పెరిగినవాణ్ణి. ఇక్కడికొచ్చి మొదటిసారి చేపల లైసెన్సు కొన్నప్పుడు, ఈ డబ్బు ఎవరి జేబులోకి పోతోందో చూద్దామని కూర్చున్నాను. తీగ లాగితే డొంకంతా కదిలింది.

ముందు భూమి సంగతి. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం చేతిలో సుమారు 64 కోట్ల ఎకరాలు ఉంది. దేశం మొత్తంలో నాలుగో వంతు కంటే ఎక్కువ. అందులో చాలాభాగం మన పడమటి రాష్ట్రాల్లోనే. నెవాడాలో అయితే 80 శాతం దాకా ఇదే. డల్లాస్ నుంచి ఇక్కడికి మారినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. టెక్సాస్‌లో దాదాపు అంతా ప్రైవేటు భూమే కాబట్టి, ఇక్కడికి రాగానే వాళ్లు మొదట అడిగేది "గేటు ఎక్కడ?" అని. చాలాచోట్ల గేటు లేదు. నడవొచ్చు, గుడారం వేసుకోవచ్చు, లైసెన్సు ఉంటే చేప పట్టొచ్చు, వేటాడొచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇదంతా మూలవాసుల నేల. ఒప్పందాలు రాసుకుని, ఆ ఒప్పందాలు తప్పి లాక్కున్న నేల. అది చెప్పకుండా 'ప్రజల భూమి' అంటే సగం కథ దాచినట్టే.

ఇక జంతువుల సంగతి. 19వ శతాబ్దంలో ఇక్కడ వేట అంటే వ్యాపారం. పడవలకి ఫిరంగి లాంటి తుపాకులు బిగించి, ఒక్క దెబ్బకి పదుల కొద్దీ బాతుల్ని కొట్టి, పీపాల్లో ఐసు వేసి నగరాలకి పంపేవాళ్లు. ఆకాశం కప్పేసేంత గుంపులుగా ఎగిరిన ప్యాసింజర్ పావురాల్లో ఆఖరిది, మార్తా అని పేరు పెట్టిన ఆడపిట్ట, 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది. కోట్లలో ఉన్న బైసన్లు (అమెరికా అడవిదున్నలు) 1880ల చివరికి వేయికి అటూ ఇటూగా మిగిలాయి. అప్పుడు ముందుగా గొంతు విప్పినవాళ్లలో సరదాకి వేటాడే డబ్బున్న దొరలున్నారు. తర్వాత ప్రెసిడెంట్ అయిన థియోడర్ రూజ్‌వెల్ట్, పత్రికా సంపాదకుడు జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ కలిసి 1887లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టారు. 1900లో లేసీ చట్టం వచ్చి, దొంగతనంగా కొట్టిన జంతువుల్ని రాష్ట్రం దాటించి అమ్మడం నేరమైంది. ఈ దొరలకి కడుపు కోసం వేటాడే పేదవాడంటే, మూలవాసి అంటే చిన్నచూపు ఉండేది. అది వాళ్ల రాతల్లోనే కనిపిస్తుంది. అయినా వాళ్లు పెట్టిన పద్ధతి నిలబడింది.

నిలబడడానికి కారణం డబ్బు. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే అసలు తెలివి ఇందులోనే ఉంది.

1934లో కరువు రోజులు. చిత్తడి నేలలు ఎండిపోయి బాతులు లేకుండా పోతున్నాయి. అయోవాలో జే ఎన్. డార్లింగ్ అని ఒక కార్టూనిస్టు ఉండేవాడు, 'డింగ్' అని సంతకం పెట్టేవాడు. బాతుల వేటంటే ప్రాణం. అప్పటి ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ని కార్టూన్లలో ఎడాపెడా వాయించేవాడు. రూజ్‌వెల్ట్ ఆయన్నే పిలిచి వన్యప్రాణుల శాఖ అప్పగించాడు. మన దగ్గర కార్టూనిస్టుకి ఇలాంటి పిలుపు ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలుసు. [నవ్వులు] ఆ ఏడాదే డక్ స్టాంప్ చట్టం వచ్చింది. 16 ఏళ్లు దాటి బాతుల్ని వేటాడేవాడు ఎవరైనా డాలరు పెట్టి ఫెడరల్ స్టాంపు కొనాలి. మొదటి స్టాంపు మీద వాలుతున్న రెండు మల్లార్డ్ బాతుల బొమ్మ డార్లింగ్ వేసిందే. ఇప్పుడు దాని ధర 25 డాలర్లు. ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికో కౌలుకి తీసుకోవడానికో పోతాయి. ఇంతవరకు 60 లక్షల ఎకరాల పైన ఆ డబ్బుతో కాపాడారు.

రెండోది 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం. రైఫిళ్లు, షాట్‌గన్లు, తూటాల మీద 11 శాతం ఎక్సైజ్ పన్ను వేసి, ఆ డబ్బు దాదాపు మొత్తం రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి పంచుతారు. పిస్తోళ్లు, విల్లంబులు తర్వాత చేరాయి. 1950లో ఇదే పద్ధతి చేపలకీ పెట్టారు. గాలం కొన్నా, రీలు కొన్నా 10 శాతం. నా గాలాల డబ్బాలో ఉన్న ప్రతిదాని మీదా నేను ఆ పన్ను కట్టాను.

చట్టంలో ఒక చిన్న షరతు ఉంది. ఈ డబ్బు కావాలంటే, వేటగాళ్లూ చేపలు పట్టేవాళ్లూ కట్టే లైసెన్సు ఫీజుని రాష్ట్రం ఇంకో పనికి మళ్లించకూడదు. రోడ్డు వేశాం, జీతాలిచ్చాం అంటే కుదరదు. మళ్లిస్తే ఫెడరల్ వాటా ఆగిపోతుంది. మన దగ్గర ఒక పద్దు డబ్బు ఇంకో పద్దులోకి ఎలా జారిపోతుందో చూసినవాళ్లకి ఈ షరతు విలువ తెలుస్తుంది.

ఇంకో షరతు వాలంటీర్లకి సంబంధించింది. ఫెడరల్ వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఆ 25ని డబ్బుగానే పెట్టనక్కర్లేదు. గ్రాంటు నిబంధనలకి సరిపోయే పనైతే వాలంటీర్లు చేసిన గంటలకి వెల కట్టి రాష్ట్రం వాటాగా చూపొచ్చు. ఉదాహరణకి మీ గంటకి 30 డాలర్లు అని లెక్క కట్టారనుకోండి. ఆ గంట వెనకాల వాషింగ్టన్ నుంచి 90 డాలర్లు వస్తాయి. దీన్ని బాగా వాడుకునేది వేట భద్రత క్లాసుల్లో. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లు సాధారణంగా ఆ క్లాసు పాసవకుండా వేట లైసెన్సు తీసుకోలేరు. క్లాసు చెప్పేవాళ్లలో ఎక్కువమంది జీతం లేని పాత వేటగాళ్లు. అందుకే ఈ పనులకి వెళ్తే సాయంత్రం ఒక అట్ట మీద కాగితం తిప్పుతారు, పేరు, వచ్చిన టైము, వెళ్లిన టైము రాయమని. మనవాళ్లు "పర్లేదులెండి, సేవే కదా" అని రాయకుండా వచ్చేస్తారు. దయచేసి రాయండి. ఆ కాగితం డబ్బు.

ఇక కంచె దగ్గరికి వద్దాం.

మనకి ఉత్తరాన నార్త్ పార్క్ అని చుట్టూ కొండలు, మధ్యలో సేజ్ పొదల మైదానం ఉంది. అక్కడ ప్రాంగ్‌హార్న్‌లు తిరుగుతాయి. చూడ్డానికి మన కృష్ణజింకలా ఉంటుంది గానీ జింక జాతి కాదు, దానికి దగ్గరి చుట్టాలెవరూ మిగల్లేదు. గంటకి 55 మైళ్ల దాకా పరిగెత్తుతుంది. ఇప్పుడు ఈ ఖండంలో దాన్ని అంత వేగంగా తరిమే జంతువు లేదు. ఒకప్పుడు ఇక్కడ ఉండి అంతరించిన చీతాల్లాంటి జంతువుల నుంచి తప్పించుకోవడానికి నేర్చిన పరుగు అంటారు. అంత పరుగు నేర్చింది గానీ దూకడం నేర్వలేదు. మైదానంలో దూకాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నూట యాభై ఏళ్ల కిందట ముళ్లతీగ వచ్చింది. కంచె ఎదురైతే ప్రాంగ్‌హార్న్ ఆగుతుంది, అటూ ఇటూ తిరుగుతుంది, కింద సందు ఉంటే పొట్ట నేలకి ఆనించి దూరుతుంది. దూరిన చోట తీగ ముళ్లకి గుత్తులు గుత్తులుగా తెల్లటి వెంట్రుకలు వేలాడుతుంటాయి. పట్టుకుంటే పెళుసుగా, లోపల బోలుగా, చీపురుపుల్ల ముక్కల్లా విరిగిపోతాయి. రోజూ దూరే జంతువుకి వీపు మీద అంత మేర బోడి అయిపోతుంది. చలికాలంలో అక్కడ మంచు కరుచుకుంటుంది. సందు మంచుతో పూడిపోతే ఇక అక్కడే ఆగిపోవడం. 2022-23 చలికాలంలో వ్యోమింగ్‌లో, మన వాయవ్య కొలరాడోలో ప్రాంగ్‌హార్న్‌లు, మ్యూల్ డీర్ అనే జింకలు ఎన్ని చచ్చిపోయాయో పేపర్లలో చూసే ఉంటారు. మంచు ఒక కారణం. మంచులో పక్కకి జరగనివ్వని కంచెలు ఇంకో కారణం.

పరిష్కారం చాలా మామూలు. కింది తీగ ముళ్లు లేనిదై, నేల నుంచి కనీసం 16 అంగుళాల ఎత్తులో ఉండాలి. పై తీగ 42 అంగుళాలు మించకూడదు. పై రెండు తీగల మధ్య 12 అంగుళాలు ఖాళీ ఉండాలి, లేకపోతే దూకే ఎల్క్ అనే పెద్ద జింకకి వెనక కాలు రెండు తీగల మధ్య మెలిపడి తలకిందులుగా వేలాడుతుంది. వాడుకలో లేని కంచె అయితే మార్చే పని లేదు, పీకేయడమే.

ఆ పీకడం ఎవరు చేస్తారు? భూమి చూసే శాఖలకి మనుషులు లేరు. శనివారం పొద్దున పికప్ ట్రక్కుల్లో వచ్చేది వేటగాళ్లే. నేను వెళ్లినప్పుడు మాకు దొరికింది ఎప్పుడో గొర్రెల మేత కోసం వేసిన కంచె. కింద సగం వలలా అల్లిన తీగ, పైన రెండు వరసల ముళ్లతీగ. ప్రాంగ్‌హార్న్‌కి ఇది గోడ. గుంజలకి కొట్టిన యూ మేకులు తుప్పు పట్టి కర్రలో కలిసిపోయాయి. కటింగ్ ప్లేయరుతో ఒక్కో మేకూ పట్టి ఊపి ఊపి లాగాలి. బిగుతుగా ఉన్న తీగ కోస్తే పాములా విదిలించుకుంటుంది, అందుకని గుంజ పక్కనే కోయాలి, కోసే ముందు "వైర్!" అని అరవాలి. పడిన తీగని చుట్ట చుట్టడం అన్నిటికంటే విసుగు. సేజ్ పొదల్లోంచి లాగుతుంటే ఒక్కో ముల్లూ ఒక్కో కొమ్మని పట్టుకుంటుంది, కొమ్మని వదిలి మన ప్యాంటు పట్టుకుంటుంది. మధ్యాహ్నానికి ఇద్దరం కలిసి చుట్టిన చుట్ట ఎద్దుబండి చక్రమంత అయింది, మోయలేక దొర్లించాం. తీగ ముక్క ఒక్కటి కూడా నేల మీద వదలనివ్వరు, ఏ ఎల్క్ కాలికో చుట్టుకుంటుందని.

నాతో జోడీగా ఉన్నది డెబ్బై దాటిన రిటైర్డ్ మెకానిక్. ఆయన్ని అడిగాను, ఈ జంతువుని కొట్టడానికేనా ఈ అవస్థంతా అని. అవునన్నాడు, ఏమీ దాచకుండా. తర్వాత చెప్పాడు: ఇక్కడ ప్రాంగ్‌హార్న్ వేటకి లాటరీ. రాని ఏడాదికి ఒక పాయింటు కలుస్తుంది. కొన్ని ప్రాంతాల్లో పర్మిట్ రావడానికి ఏళ్లు పడుతుంది. "నా వయసుకి నేను వేసే లెక్కలో నా వంతు రాకపోవచ్చు" అని నవ్వాడు. అయినా వచ్చి మేకులు పీకుతున్నాడు. మాంసం ఏం చేస్తారంటే సాసేజ్ అన్నాడు. గోంగూర మాంసం గురించి చెప్పాను. గోంగూర ఎలా ఉంటుందో ఫోన్‌లో చూపించమని, రెసిపీ కాగితం మీద రాసుకున్నాడు. ఆయన లైసెన్సు వచ్చిందో లేదో, గోంగూర దొరికిందో లేదో నాకు తెలియదు.

ఈ పద్ధతి ఫలితాలు చెప్పాలంటే, 1900 ప్రాంతంలో ఈ దేశంలో తెల్లతోక జింకలు అయిదు లక్షలని అంచనా. ఇప్పుడు మూడు కోట్ల దాకా. ఎల్క్‌లు వేలల్లోంచి దాదాపు పది లక్షలకి వచ్చాయి. వుడ్ డక్ అనే బాతు చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. పెద్ద చెట్లు కొట్టేశాక తొర్రల్లేక దాదాపు మాయమైంది. వేటగాళ్లూ పక్షిప్రేమికులూ చెక్కపెట్టెలు చేసి చెరువుల్లో కర్రలకి బిగించారు. మూడంగుళాల ఎత్తు, నాలుగంగుళాల వెడల్పు కోడిగుడ్డు ఆకారం కన్నం. గుడ్లు తినేసే రకూన్ అనే జంతువు పెద్దదైతే దూరలేదు, బాతు దూరగలదు. లోపల చెక్క చిత్రిక పట్టిన పొట్టు పోయాలి, ఎందుకంటే ఈ పిట్ట పుల్లా పుడకా తెచ్చుకోదు. కన్నం కింద లోపలి వైపు చెక్కని గరుకుగా గీరాలి, లేకపోతే పుట్టిన మర్నాడు పిల్లలు పైకి పాకలేక లోపలే చచ్చిపోతాయి. ఏటా చలికాలంలో మంచు మీద నడిచి వెళ్లి పాత పొట్టు తీసి కొత్తది పోయడం ఇప్పటికీ చాలా ఊళ్లలో బాతుల వేటగాళ్ల పని.

ఇక నా వర్గం, గాలంవాళ్లు. 1959లో మిచిగన్‌లో ఆసేబుల్ నది ఒడ్డున ఒక ఇంట్లో ట్రౌట్ అనే చల్లటి నదుల చేపని పట్టేవాళ్లు కొందరు కూడి ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ పెట్టారు. వాళ్ల ఫిర్యాదు వినండి: ప్రభుత్వం హేచరీల్లో పెంచిన చేపల్ని తెచ్చి నదిలో పోస్తోంది, అది ఆపి నదిని బాగుచేయండి అని. సాధారణంగా చేపలు పట్టేవాడు ఇంకా పోయండి అంటాడు. వీళ్లు వద్దన్నారు. మోంటానాలో డిక్ విన్సెంట్ అనే జీవశాస్త్రవేత్త మ్యాడిసన్ నదిలో లెక్కలు కట్టి, హేచరీ చేప పోసిన చోట నదిలో పుట్టిన ట్రౌట్ తగ్గిపోతోందని చూపించాడు. గొడవైంది. చివరికి 1974లో మోంటానా నదుల్లో పోయడం మానేసింది. ఇవాళ ఆ నదుల్లో ట్రౌట్ దాదాపు అన్నీ అక్కడే పుట్టి పెరిగినవి. ఎండాకాలంలో నీళ్లు వరసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయకూడదని రూలు పెడతారు. వేడి నీళ్లలో పట్టి వదిలిన చేప కూడా చాలాసార్లు బతకదు. ఎక్కువమంది దాన్ని మనస్ఫూర్తిగానే పాటిస్తారు.

ఈ కథ చదువుతుంటే నాకు కావేరి గుర్తొచ్చింది. బెంగళూరులో చేపలు పట్టే సరదా ఉన్నవాళ్లు 1972 నుంచే ఒక సంఘంగా కూడి, కావేరిలో కొంత భాగాన్ని లీజుకి తీసుకుని కాపలా పెట్టారు. అక్కడి మహసీర్ చిన్న చేప కాదు. 1946లో కావేరి ఉపనది కబినిలో పట్టిన ఒకటి 120 పౌండ్లు, అంటే 54 కిలోలు తూగింది. దానికి శత్రువు డైనమైట్. భీమేశ్వరి, గాలిబోర్ లాంటి క్యాంపుల్లో, ముందు డైనమైట్ వేసినవాళ్లకే గైడు ఉద్యోగాలిచ్చారు. పట్టిన ప్రతి చేపనీ తూచి, పుస్తకంలో రాసి, వదిలేసేవాళ్లు. తర్వాత అభయారణ్యంలో గాలం వేయడం కూడా చట్ట ప్రకారం వేటే అని ఆపేశారు. చట్టం మాట చట్టానిది. కానీ క్యాంపు పోతే రాత్రిళ్లు ఒడ్డున ఉండే మనిషీ పోయాడు. ఆ పుస్తకాల్లో 1998 నుంచి 2012 దాకా రాసిన లెక్కలే చివరికి శాస్త్రవేత్తలకి ఆధారమయ్యాయి. మూపురం ఉన్న అసలు కావేరి మహసీర్ తగ్గిపోతోంది, మంచి ఉద్దేశంతోనే హేచరీ నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్ పెరిగిపోతోంది. మోంటానాలో జరిగినట్టే. ఆ మూపురం చేపకి సరైన శాస్త్రీయ నామం ఖాయమైంది 2018లో, అదే ఏడాది దాన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల్లో చేర్చారు. ఆ లెక్క రాసినవాళ్లు పరిశోధకులు కారు, సరదాకి గాలం వేసినవాళ్లు.

ఇప్పుడు భూమి మీద జరిగే తగాదాలు. 2017 జనవరిలో యూటా కాంగ్రెస్ సభ్యుడు జేసన్ చాఫెట్జ్, పది రాష్ట్రాల్లో 33 లక్షల ఎకరాల ఫెడరల్ భూమి అమ్మాలని బిల్లు పెట్టాడు. వేటగాళ్లు ఆయన ఫోన్లు మోగిస్తూనే ఉన్నారు. సాధారణంగా ఆయన పార్టీకే ఓటేసేవాళ్లు. కొద్ది రోజుల్లోనే ఆయన వేట బట్టలేసుకుని కుక్కని పట్టుకున్న ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి బిల్లు వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. 2025 జూన్‌లో సెనేటర్ మైక్ లీ బడ్జెట్ బిల్లులో ఇలాంటిదే పెట్టాడు. మళ్లీ అదే గోల, నెలాఖరుకి అదీ వెనక్కి పోయింది. పర్యావరణ సంఘాలు ఒక్కటే అరిచి ఉంటే ఆ ఇద్దరూ పట్టించుకునేవాళ్లు కాదని నా అభిప్రాయం. సొంత ఓటర్లు అరిస్తే వినపడుతుంది.

కోర్టు కథ ఇంకా బాగుంటుంది. 1860ల్లో రైల్వే కంపెనీలకి పట్టాల పక్కన భూమి ఇచ్చినప్పుడు చదరంగం బల్లలా ఇచ్చారు. ఒక చదరపు మైలు కంపెనీకి, పక్కది ప్రభుత్వానికి. ప్రభుత్వం గడి నుంచి ఇంకో ప్రభుత్వం గడికి పోవాలంటే మూల దగ్గర ఒకే బిందువు. 2021లో మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు వ్యోమింగ్‌లో ఎల్క్ మౌంటెన్ దగ్గర ఆ మూలకి ఇటు రెండు కాళ్లు, అటు రెండు కాళ్లు వచ్చేలా ఒక ఇనప నిచ్చెన తయారుచేసుకుని, ఎక్కి దిగారు. ప్రైవేటు నేల మీద అడుగు పడలేదు. ఆ పక్క ప్రైవేటు గడుల రాంచ్ (పశువుల ఎస్టేటు) యజమాని మాత్రం నా గాలిలోంచి వెళ్లారు అన్నాడు. [నవ్వులు] నిజం, కేసు అదే. లక్షల డాలర్ల నష్టపరిహారం దావా కూడా వేశాడు. బ్యాక్‌కంట్రీ హంటర్స్ అండ్ యాంగ్లర్స్ అనే సంఘం వ్యోమింగ్ శాఖ చందాలెత్తి వాళ్ల లాయర్లకి డబ్బు కట్టింది. 2022లో జ్యూరీ నిర్దోషులంది. 2025 మార్చిలో ఇక్కడ డెన్వర్‌లోనే ఉన్న పదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు దావాలో కూడా వేటగాళ్ల పక్షమే తీర్పిచ్చింది. దానికి ఆధారం 1885 నాటి ఒక చట్టం, ప్రజల భూమిని కంచెలతో మూయకూడదని. అక్టోబర్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఆ తీర్పు మన కొలరాడోకి కూడా వర్తిస్తుంది. మూల దాటి నడిచే హక్కు వేటగాడికి ఎంతో, ఫోటోలు తీసుకునే మనకీ అంతే. లాయరు ఖర్చు మాత్రం వాళ్లు పెట్టారు.

ఇంతసేపు మెచ్చుకున్నాను కదా, ఇప్పుడు అవతలి వైపు. స్వార్థం ఉన్న చోట కాపలా గట్టిగా ఉంటుంది, స్వార్థం లేని చోట కాపలా పల్చబడుతుంది. ఎల్క్‌కి దొరికే శ్రద్ధ తోడేలుకి దొరకదు. 2020 నవంబర్‌లో కొలరాడోలో తోడేళ్లని తిరిగి తేవాలా అని ఓటు పెడితే వేట సంఘాలు చాలావరకు వద్దన్నాయి. 51 శాతం లోపు ఓట్లతో బొటాబొటిగా నెగ్గింది. 2023 డిసెంబర్‌లో ఆరెగాన్ నుంచి పది తోడేళ్లని తెచ్చి వదిలారు. సీసం తూటా సంగతి ఇంకోటి. కొట్టిన జంతువు పేగులు అడవిలో వదిలేస్తే, అందులోని సీసం తిని రాబందులూ గద్దలూ చస్తాయి. బాతుల వేటలో సీసం గుళ్లు 1991లోనే దేశమంతా నిషేధించారు. రైఫిల్ తూటాల్లో మాత్రం చాలా రాష్ట్రాల్లో ఇంకా ఉంది, ఎత్తితే గొడవే. ఆ మెకానిక్ రాగి తూటా వాడతాడు. ఆయన పక్కనున్నాయన వాడడు, ఇద్దరూ దారంతా అదే వాదించుకున్నారు. కప్పలకి, సీతాకోకచిలుకలకి, పాటల పిట్టలకి ఈ డబ్బులో దక్కేది చాలా తక్కువ. అలాంటివాటికి డబ్బు కేటాయించే బిల్లు 2022లో హౌస్‌లో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది.

పైగా వేటగాళ్లే తగ్గిపోతున్నారు. 2016 సర్వేలో ఒక కోటీ 15 లక్షల మంది, దేశంలో పెద్దవాళ్లలో అయిదు శాతం లోపే. తుపాకి పన్ను ఎక్కువగా వస్తోందంటే అది వేటకి సంబంధం లేనివాళ్లు తుపాకులు కొనడం వల్ల. జింకల బతుకు తుపాకుల గిరాకీ మీద ఆధారపడడం నాకు మింగుడుపడదు. నడకకి వెళ్లే మనం బూట్ల మీద, టెంట్ల మీద అలాంటి పన్ను కడతామా అంటే, ఆ ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ కంపెనీలు అడ్డం పడ్డాయి, మనమూ నోరు మెదపలేదు.

మన దేశంలో ఈ నమూనా కుదరదు. 1972 చట్టం తర్వాత వేట నేరం, అలాగే ఉండాలి కూడా. మిగిలిన అడవికి అంత ఓపిక లేదు. కానీ స్వార్థం ఉన్న కాపలాదారు మన దగ్గరా ఉన్నాడు. నేలపట్టులో గూడబాతులు చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు పెడితే, రెట్టలు పడిన ఆ నీళ్లు పెడితే పైరు బాగా వస్తుందని రైతులు వాటిని కదలనివ్వరు. అదీ ఇదీ ఒకే లెక్క. ప్రశ్నలు ఉంటే అడగండి, టీ వచ్చినట్టుంది.

[ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. కంచె పీకడం లాంటి పనులకి వేటగాళ్లతో వెళ్తే వేటని సమర్థించినట్టు అవదా?]

నేను మీకు సమాధానం చెప్పలేనండి, అది మీరే తేల్చుకోవాలి. కంచె పీకితే ప్రాంగ్‌హార్న్ దూరుతుంది, అది మాత్రం చెప్పగలను. వాళ్లతో కలవడం ఇష్టం లేకపోతే డక్ స్టాంపు కొనండి. వేటాడనివాళ్లు కూడా కొనొచ్చు, చాలామంది పక్షులు చూసేవాళ్లు కొంటారు. ప్రవేశ రుసుము ఉన్న జాతీయ వన్యప్రాణి శరణాలయాల్లో (రెఫ్యూజ్) అది టికెట్‌గా కూడా పనికొస్తుంది.

[ప్రశ్న: అక్కడ మనల్ని ఎలా చూస్తారు? కొంచెం టెన్షన్‌గా ఉంటుంది.]

ఉంటుంది, కాదనను. ట్రక్కుల మీద స్టిక్కర్లు చూస్తే నాకూ ఉండింది. ఒకరిద్దరు ఏం మాట్లాడాలో తెలియక మౌనంగా ఉంటారు. రాజకీయం ఎత్తకండి, వాళ్లూ ఎత్తరు. తీగ రెండో కొస పట్టుకునేవాడు కావాలి కాబట్టి పని మొదలయ్యాక మాట దానంతటదే వస్తుంది.

[ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. కంచె పీకే పనికి తీసుకురావచ్చా?]

తీసుకురండి. చిన్నవాళ్లకి తల్లిదండ్రుల సంతకం అడుగుతారు, ఆ ఫారం ముందే నింపితే మంచిది. టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు వేయించారో చూసుకోండి. తోలు గ్లౌజులు కావాలి, తోటపనికి వాడే గుడ్డవి ముళ్లకి ఆగవు. నిండు చేతుల చొక్కా, పాత జీన్స్, కళ్లకి అద్దాలు. నీళ్లు ఒక్కొక్కరికి నాలుగు లీటర్లు, అక్కడ కుళాయి ఉండదు. పులిహోర తెస్తే అందరికీ సరిపోయేలా తెండి, పోయినసారి నా డబ్బా నాకు మిగల్లేదు. పొద్దున ఆరింటికల్లా బయల్దేరాలి, నార్త్ పార్క్‌లోని వాల్డెన్ ఊరు వెళ్లేసరికి మూడు గంటలు పడుతుంది. నా కారులో ఇంకా ఇద్దరికి చోటుంది.